డొంక కింద తూర: చేపల రాకపోకల డైరీ

మే 25, ఆదివారం

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో ముందే రాసి పెట్టుకోవాలి, లేకపోతే మర్చిపోతాను. నిరుడు (2024) సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలో మా సింగ్‌నగర్ వీధిలోకి వచ్చింది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ కూడా ఎన్నడూ లేనంతగా పొంగింది. 11.43 లక్షల క్యూసెక్కులట, 2009 నాటి 11.10 లక్షల రికార్డు కూడా చెరిగిపోయింది. మేం పడ్డ పాట్లు అందరికీ తెలిసినవే, ఇక్కడ రాయను. నీళ్లు తీసిన వారానికి పక్కింటివాళ్ల సంపు కడుగుతుంటే అందులో నాలుగు జెల్లలు, గుప్పెడు పరిగెలు, ఒక మట్టగిడస దొరికాయి. "బుడమేరు చేపలు" అన్నారంతా.

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఎండాకాలంలో బుడమేరు మా వంతెన కింద ఎలా ఉంటుందో రోజూ చూస్తూనే ఉంటాను. నల్లటి మురుగు, దాని మీద గుర్రపుడెక్క. అందులో పరిగె పట్టుమని పది రోజులు బతకదు. మరి ఈ చేపలు మిగతా ఏడాదంతా ఎక్కడున్నట్టు? పైన మైలవరం, జి.కొండూరు వైపు చెరువుల్లో ఉండాలి. ఆ చెరువుల్లో మాత్రం ఏ మూల ఉంటాయి, ఎప్పుడు కదులుతాయి? పుస్తకంలో ఉన్నది పిల్లలకు చెప్పగలను గానీ, ఈ రెండు ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు.

జూన్ 8

చెరువు దొరికింది. ఊరి పేరు రాయను. రాస్తే కొరమీను కోసం ఆదివారం బళ్లేసుకుని దిగుతారు.

చెరువు పై చివర, కొండ వాగు వచ్చి కలిసేచోట, పదెకరాల దాకా జమ్ము, తుంగ, కిక్కిస పెరిగిన పల్లం ఉంది. ఆ పల్లానికీ చెరువుకీ మధ్య ఒక డొంక. పొలాలకు ట్రాక్టర్లు వెళ్లే దారి అదే. డొంక కింద ఒకే ఒక్క సిమెంటు తూర, అంటే నీళ్లు పారే గొట్టం. వాగు నీళ్లు జమ్ములోకి వచ్చి, తూరలోంచి చెరువులో పడతాయి. చేప జమ్ములోకి పోవాలన్నా, తిరిగి రావాలన్నా ఇదొక్కటే గుమ్మం. కాపలా కాయడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

చెరువు మత్స్యకార సంఘం చేతిలో ఉంది. అధ్యక్షుడిని కలిశాను. "పట్టి మళ్లీ వదిలేస్తారా? మరి పట్టడం దేనికండీ మేష్టారూ?" అన్నాడాయన. అరగంట చెప్పాను, సగమే నమ్మాడు. ఆయనకు ఆ జమ్ము పేరెత్తితేనే ఒళ్లు మంట. కొరమీన్లు అందులో నక్కి, సంఘం డబ్బు పెట్టి వదిలిన బొచ్చె, శీలావతి పిల్లల్ని మింగేస్తాయని. మింగుతాయి కూడా, ఆయన మాటలో తప్పులేదు. చివరికి మూడు షరతులు పెట్టి ఒప్పుకున్నాడు. వల దించకూడదు, మావులే (దూరిన చేప తిరిగి రాలేని వెదురు బుట్టలు) పెట్టాలి. లెక్క నెలనెలా చూపించాలి. కిలో దాటిన కొరమీను పడితే ఆయనకు ఫోన్ చేయాలి.

జూన్ 22

సామాను: వెదురు మావులు రెండు, తెల్ల ఎనామిల్ ట్రే, చిన్న కాటా, అడుగులూ అంగుళాలూ రంగుతో గుర్తుపెట్టిన సరుగుడు కర్ర (నీటిమట్టానికి), తలలైటు. కైకలూరు దగ్గర రొయ్యల చెరువులు చూసుకునే స్నేహితుడు తన పాత డి.ఓ. మీటరు ఇచ్చాడు. నీటిలో ఆక్సిజన్ ఎంతుందో అది పీపీఎంలలో (లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని) చూపిస్తుంది. ఆక్వా రైతుకు స్టెతస్కోపు లాంటిది.

మనుషులు: నేను, ఆ ఊరి నుంచే మా కాలేజీకి వచ్చే సెకండియర్ కుర్రాడు, చిన్నప్పటి నుంచి ఆ చెరువులోనే వేటాడిన వాళ్ల తాత. ఆయన్ని నేను బాబాయ్ అంటాను. ఆయన నన్ను ఇంకా ఏమీ అనడం లేదు, చూసి నవ్వుతున్నాడు.

వాన లేదు. తూరలో బెత్తెడు నీళ్లు, అవీ కదలడం లేదు.

జూలై 6

మొదటి రాత్రి. తూరకు ఆ చివర ఒక మావు, ఈ చివర ఒక మావు, రెండింటి మూతులూ తూర వైపే పెట్టి కట్టాం. తెల్లారేదాకా కూర్చుంటే పడింది సున్నా. పొద్దున బాబాయ్ వచ్చి చూసి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. రెండు చివరలా మావులే ఉంటే చేప తూరలోకి దూరేది ఎటునుంచి? రెండు తలుపులూ మూసి, చుట్టాలు రాలేదేమని ఎదురుచూశాం. పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ని!

ఇకనుంచి ఒక గంట జమ్ము వైపు మావు (దీన్ని "పోయేది" అంటున్నాం), తర్వాతి గంట చెరువు వైపు మావు ("వచ్చేది"). ఒకటి నీళ్లలో ఉంటే రెండోది గట్టు మీద ఉండాలి.

జూలై 7

సోమవారం పొద్దున క్లాసు ఉండటంతో రాత్రి ఒంటిగంటకు "వచ్చేది" నీళ్లలో పూర్తిగా ముంచి, కట్టి, వచ్చేశాను. పొద్దున కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, రెండు కొరమీన్లు పడ్డాయి. రెండూ చచ్చిపోయాయి."

ఇది నా తప్పే. కొరమీనుకు మొప్పలు ఒక్కటే చాలవు. తల లోపల మొప్పల పైన గాలి గది ఉంటుంది. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగాలి. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. నేను ఏటా బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పే పాఠం. ఇప్పుడు మావులో పై మూడో వంతు నీటికి పైన ఉండేలా గుంజలకు కడుతున్నాం. కొరమీన్లకే కాదు, అలాగే గాలి మింగే మార్పు, ఇంగిలాయి చేపలకూ ఇది తప్పనిసరి.

చచ్చిన రెండింటినీ అధ్యక్షుడికి పంపాను. పులుసు బాగుందట.

జూలై 20

రాత్రి ఎనిమిదింటికి కొండ మీద గట్టి వాన. పదిన్నరకు వాగు మోత వినిపించింది. పదకొండుకు తూరలో నీళ్లు ఎర్రగా, ఉరవడిగా చెరువులోకి దూకుతున్నాయి. "పోయేది" పెట్టాం.

అరగంటకు ఎత్తబోతే లేవలేదు. పరిగెలు! ట్రేలో పోస్తే ట్రే నిండి గట్టు మీద పడ్డాయి. లెక్కపెట్టడం మానేసి, చెంబుతో కొలిచి, ఒక చెంబులో ఎన్నున్నాయో మాత్రం ఎంచాం. ఆరు చెంబులు, చెంబుకు నూటికి అటూ ఇటూగా. దాదాపు ప్రతి పరిగె పొట్టా ఉబ్బి ఉంది. వేలితో తాకితే చాలు గుడ్లు జారుతున్నాయి. అన్నీ నీటికి ఎదురెక్కి జమ్ములోకి పోతున్నవే.

బాబాయ్ అప్పటిదాకా మాట్లాడలేదు. తలలైటు తూర మూతి మీద వేసి, "అద్గదీ, పెద్దమనిషి" అన్నాడు. చెరువు వైపు, తూర నీళ్లు పడేచోట, నీడలో మూరెడు పొడవున ఒక వాలుగ. కదలడం లేదు. వరసలో నిలబడ్డ పరిగెల్ని ఒక్కొక్కటే అందుకుంటోంది. అది జమ్ములోకి పోదు. దాని ఒళ్లుకు ఆ దుబ్బుల మధ్య తిరగడం కుదరదు. పరిగెలు జమ్ములోకి ఎక్కేదీ ఇందుకే కాబోలు. కొత్తగా మునిగిన గడ్డి ఉంటుంది, గుడ్డు దానికి అంటుకుంటుంది. మోకాల్లోతు నీళ్లు త్వరగా వేడెక్కుతాయి. కుళ్లిన ఆకు మీద పురుగూ పుట్రా పుట్టి పిల్లలకు మేత అవుతాయి. పెద్ద నోళ్లు తక్కువ. పురిటికి పుట్టింటికి పోవడం లాంటిదే అన్నాడు కుర్రాడు. వాడి సరదా వాడిది.

రెండు గంటల తర్వాత జెల్లలు మొదలయ్యాయి. నాలుగింటికి వరస తగ్గింది. సంఘం చేపలైన బొచ్చె, శీలావతి ఒక్కటీ ఎక్కలేదు. అవి గుడ్లు పెట్టేది వరద నదిలో. నిలవ నీటి చెరువులో పెట్టవు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్‌తో వాటి చేత గుడ్లు పెట్టించాకే ఊరూరా చెరువులకు పిల్ల దొరికింది. అందుకే అధ్యక్షుడి లెక్కలో జమ్ము దండగ. ఆయన చేపలకు ఆ గుమ్మంతో పనే లేదు మరి.

జూలై 27

ఇంగిలాయి ముల్లు గుచ్చింది. బొటనవేలిలో నిప్పు పెట్టినట్టుంది. ఫ్లాస్కులో టీ కోసం తెచ్చిన వేడినీళ్లు కప్పులో పోసి, చర్మం ఓర్చేంత వేడిలో వేలు ముంచితే అరగంటలో తగ్గింది. వేడి ఆ విషాన్ని చంపుతుంది. ఆ రోజు టీ లేదు.

ఆగస్టు 9, 10

రాఖీ పున్నమి. సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దున దాకా, మీటరుతో. ఇప్పటిదాకా నా నమ్మకం ఏమిటంటే, వానలో ఎక్కిన చేప నీళ్లు తగ్గేదాకా జమ్ములోనే కాపురం ఉంటుందని. ఆ నమ్మకం ఈ రాత్రితో పోయింది.

ఆరింటికి జమ్ము లోపల ఆక్సిజన్ 5 పీపీఎం, చెరువులో 8. తొమ్మిదింటికి జమ్ములో 3.5. పన్నెండుకు 2.2. ఈ లోపు "పోయేది" మావులో ఏమీ లేదు. ఒంటిగంటకు "వచ్చేది" పెడితే పరిగెలు ముప్ఫై చిల్లర. మూడింటికి పెడితే రెండొందలు దాటాయి. నాలుగున్నరకు జమ్ములో మీటరు 0.9 చూపించింది. పాడైందేమోనని కడిగి మళ్లీ పెట్టాను, మళ్లీ అదే అంకె. చెరువులో అప్పటికి ఇంకా 4.8 ఉంది.

పగలు ఎండలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఆ నాచూ, కుళ్లే ఆకూ, బురదా అన్నీ కలిసి తాగేస్తాయి. రొయ్యల చెరువు దగ్గర రాత్రి రెండింటికి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఎందుకు తిప్పుతారో నా స్నేహితుడికి చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఏరేటరు లేదు కాబట్టి చేపే లేచి బయటికొస్తోంది. పొద్దున ఏడున్నరకు "పోయేది" పెడితే మళ్లీ అవే లోపలికి పోతున్నాయి. అవేనా? ఇరవై పరిగెల తోక చివర చిన్న గంటు పెట్టి వదిలాం. రెండో రాత్రి వాటిలో మూడు దొరికాయి. మూడే అయినా, కుర్రాడు ఎగిరి గంతేశాడు.

కొరమీన్లు, మార్పులు, ఇంగిలాయిలు మాత్రం ఒక్కటీ కదల్లేదు. గాలి మింగేవాటికి ఆ 0.9తో పనేముంది? అందరూ ఖాళీ చేసిన ఇల్లు రాత్రంతా వాటిదే. బయటికి రాలేక వెనకబడ్డ పరిగె వాటికి సులువుగా దొరుకుతుంది కూడా.

జలగలు: నాకు నాలుగు, కుర్రాడికి రెండు. బాబాయ్‌కి ఒక్కటీ పట్టలేదు. ఆయన పొగాకు రసం పూసుకున్నాడు, మాకు చెప్పలేదు.

ఆగస్టు 24

పని లేదు, చదువుకున్నాను. అమెరికాలో గ్రేట్ లేక్స్ అంచున ఉన్న చిత్తడి నేలల్లోనూ ఇదే కథ, ఋతువు వేరు. అక్కడ మంచు కరిగే వేళకు నార్దర్న్ పైక్ అనే పెద్ద వేటచేప ఒడ్డున మునిగిన గడ్డిలోకి వెళ్లి గుడ్లు పెడుతుంది. గుడ్లు నిరుటి ఎండుగడ్డికి అంటుకుంటాయి. పిల్లలు కొన్ని వారాలు అక్కడే పెరిగి సరస్సులోకి దిగుతాయి. అక్కడ గాలి సరస్సు నీటిని ఒక చివరకు నెట్టి, గాలి ఆగగానే అది వెనక్కి ఊగుతుంది. ఏరీ సరస్సులో కొన్ని గంటల్లోనే ఒడ్డు నీటిమట్టం లేచి పడుతుంది, దానితోపాటు చేపలు లోపలికీ బయటికీ. మన దగ్గర ఆ ఊపు లేదు. మనకున్నది వాగు, వాన, చెరువు తూము తిప్పే మనిషి.

సెప్టెంబరు 14, కొల్లేరు

బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకే కదా, ఒకసారి చూసి వద్దామని ఆటపాక వెళ్లాను. అక్కడ మావు పెట్టలేదు. 1999 నుంచి అది అభయారణ్యం, అనుమతి లేకుండా చెయ్యి పెట్టకూడదు. చూడటం, మాట్లాడటం వరకే. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆ తర్వాత 2006 ప్రాంతంలో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు తెంచారు. ఆ తెంపుడు గురించి అక్కడ ఒక్కొక్కరిది ఒక్కో మాట. నష్టపోయినవాళ్ల ఇంట్లో కూర్చుని జీవవైవిధ్యం గురించి మాట్లాడటం నాకు చేతకాలేదు, టీ తాగి వచ్చాను.

దోనె నడిపే పెద్దాయన ఒకరు మంచి సంగతి చెప్పారు. ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తుంది. కొల్లేటికి బయటికి దారి అదొక్కటే. ఎండాకాలం సరస్సు నీరు తగ్గితే ఉప్పునీరు ఆ దారినే వెనక్కి ఎక్కుతుంది. మలుగు పాము (పాములా ఉండే చేప) పుట్టేది సముద్రంలో, పెరిగేది మంచినీళ్లలో. అదీ ఆ దారినే రావాలి. "ఉప్పుటేట్లో వలకట్లు కట్టేశాక ఏం వస్తదండీ, వచ్చేదంతా సంచిలోకే" అన్నాడాయన. మా తూర కథే, అరవై కిలోమీటర్ల పొడవున.

ఏ చేప ఎక్కడ తిరిగిందో దాని చెవిరాయి చెబుతుంది. తల లోపల ఉండే ఆ చిన్న సున్నపు రాయిలో రోజుకో పొర పేరుకుంటుంది. ఉప్పునీటిలో గడిపిన రోజుల పొరల్లో స్ట్రాన్షియం ఎక్కువ. దాన్ని కొలిచే యంత్రం నా జీతానికి అందదు.

సెప్టెంబరు 28

రెండు వారాలుగా "వచ్చేది" మావులో ఏమీ పడటం లేదు. చేపలు జమ్ములోనే ఉంటున్నాయా? రాత్రి 0.9లో? అర్థంకాక బుర్ర వేడెక్కింది. చివరికి తూరలోకి కర్ర పెట్టి కదిపితే మెత్తగా తగిలింది. మధ్యలో ఎవరో దోమతెర గుడ్డ సంచిలా కట్టి పోయారు. తెల్లారుజామున బయటికొచ్చే చేపంతా అందులోకే. మా గంటు పరిగెలు కూడా ఎవరి కంచంలోకో వెళ్లి ఉంటాయి.

అధ్యక్షుడికి చెబితే ఆయనకు మా కన్నా కోపం వచ్చింది. ఊరంతా తిరిగి తిట్టాడు. ఎవరో తేలలేదు. బాబాయ్ మాత్రం నింపాదిగా, "ఆ కట్టినోడు నీ డైరీ చదవకుండానే నీ లెక్క కనిపెట్టాడు, అబ్బాయ్" అన్నాడు. నిజమే, నాకు మీటరు కావాల్సి వచ్చింది. (నన్ను అబ్బాయ్ అన్నాడు, మొదటిసారి.)

అక్టోబరు 12

జమ్ము అంచున దుబ్బులు వంచి, బండి చక్రమంత శుభ్రం చేసిన గుండ్రటి చోటు. దాని మీద నారింజ రంగు పిల్లల గుంపు, లేస్తూ మునుగుతూ. కింద కొరమీను కాపలా. కర్ర పెడితే కర్రను కొట్టింది. అధ్యక్షుణ్ని పిలిచి చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత, "బొచ్చె కిలో ఎంత, కొరమీను కిలో ఎంత మేష్టారూ?" అన్నాడు నాకు తెలియనట్టు. రేటులో తేడా ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

మావులో ఒక దెయ్యం చేప కూడా పడింది. నల్లటి పెంకు ఒళ్లు, అడుగున నోరు. అక్వేరియం అద్దాలు నాకడానికి తెచ్చి, పెరిగాక కాలవల్లో వదిలేసిన దక్షిణ అమెరికా చేప. దాన్ని మాత్రం తిరిగి వదల్లేదు. తూర మంచి చేపకూ తెరిచే ఉంటుంది, దీనికీ తెరిచే ఉంటుంది.

నవంబరు 2

తుపాను వాన తర్వాత డొంక మీద నుంచే నీళ్లు పారాయి. మావులు కొట్టుకుపోయి ఒకటి కిక్కిసలో దొరికింది. రాయడానికి ఏమీ లేదు.

జనవరి 11

కనుమకు చేప కావాలి. అందుకని సంఘం వాళ్లు వారం రోజులుగా చెరువు తూము ఎత్తి నీళ్లు దించుతున్నారు. వాళ్ల పంట అది, కాదనడానికి లేదు. మేం పొద్దున వెళ్లేసరికి జమ్ము మీద తెల్లగా కొంగలు, చెరువు మీద ఒక్కటీ లేదు. ఎందుకా అని దిగి చూస్తే జమ్ము మధ్య గుంటల్లో చిటికెన వేలంత పరిగె పిల్లలు, జెల్ల పిల్లలు ఇరుక్కుని నోళ్లు పైకెత్తుతున్నాయి. తూర ఎండిపోయి ఉంది.

తాపీమేస్త్రీల నీళ్ల ట్యూబు తెచ్చి మట్టం చూశాం. తూర అడుగుభాగం జమ్ము నేల కన్నా జానెడు ఎత్తున ఉంది! వేసినవాళ్లు ట్రాక్టరు దిగబడకుండా చూసుకున్నారు గానీ కింద నేల చూడలేదు. నీళ్లు ఆ జానెడు మట్టానికి తగ్గేలోపు బయటపడ్డ పిల్ల చెరువులోకి, మిగిలింది కొంగకి. ఏడు నెలలు గుమ్మంలో కూర్చుని గడప ఎత్తు కొలవలేదు నేను.

బకెట్లతో మోశాం. మధ్యాహ్నం దాకా నలభై బకెట్లు. ఊళ్లో పిల్లలు పండగ సెలవులని వచ్చి, సగం చెరువులో పోశారు, సగం ఇంటికి తీసుకెళ్లారు.

జనవరి 25

అధ్యక్షుడు లెక్కల కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. జూలై చెంబులు, ఆగస్టు రాత్రి, కొరమీను గూడు, చివర జానెడు. పాత తూర తియ్యడం కుదరదు, డొంక కూలుతుంది. పక్కన ఇంకొకటి, జమ్ము నేలకు సమానంగా, ఎండలో నీళ్లు పూర్తిగా తగ్గాక వేద్దామన్నాడు. తూర డబ్బులో సగం సంఘానిది, సగం నాది. తవ్వకం కుర్రాళ్లది. దాని మూతికి ఎవరూ సంచి కట్టకుండా చూసుకునే పని బాబాయ్‌ది. ఆయన అప్పుడే, సంచి కట్టింది ఎవరో తనకు మొదటి నుంచీ తెలుసన్నాడు. ఎవరని అడిగితే పొగాకు నములుతూ కూర్చున్నాడు.

ఇవాళ ట్రాక్టరు మీద కొత్త తూరలు రెండు వచ్చాయి. గట్టు మీద దొర్లించి రాళ్లు అడ్డం పెట్టాం. ఒకదాంట్లో అప్పుడే కుక్క పడుకుంది.